జడ టీచరుకు రాని మాట

ఇరవై ఏళ్ళుగా చెవిటి పిల్లలకు పాఠాలు చెబుతున్న టీచరమ్మ, మూడు నెలల అధ్యయనానికని పరాయి దేశంలోని అలాంటి బడికే వెళ్ళింది. సైగల భాష ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుందని ఆమెకు తెలియక కాదు. అక్కడి నోటి భాష ముందే నేర్చుకుంది; ఇక చేతులు చేతులే కదా, ఎలాగోలా నెట్టుకురావచ్చని ధీమా. మొదటి రోజే ఆ ధీమా నీరుగారిపోయింది. "బాగుంది" అనబోయి ఆమె చేసిన సైగకు అక్కడేం అర్థముందో గాని, క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇన్నాళ్ళూ చేతులతో గలగలా మాట్లాడినదాన్ని, ఇక్కడికొచ్చి మూగదాన్నయ్యానే అక్కా" అని ఫోన్లో వాపోయింది.

"పోనీలే, మీ ఆయన మొక్కులు ఇన్నాళ్ళకి ఫలించాయి" అంది అక్క.

ఆ మూగతనం వదిలించే పనిని ముందు బెంచీలో కూర్చునే తొమ్మిదేళ్ళ పిల్ల తన నెత్తిన వేసుకుంది. బుగ్గలో వేలు గుచ్చి చూపిస్తే అది ఆ పిల్ల పేరు, సొట్టబుగ్గ. టీచరమ్మకు పేరు పెట్టింది కూడా ఆ పిల్లే. భుజం మీంచి చెయ్యి కిందికి జారిస్తే జడ. నీళ్ళు, తలుపు, ఆకలి, అమ్మ, నాన్న అన్నీ నేర్పింది. తప్పు చేస్తే వేళ్ళు పట్టుకుని సరిచేసేది.

నాలుగో రోజు ఆ క్లాసు పెద్ద టీచరు పరీక్షల పని మీద వేరే ఊరు వెళ్ళింది. సహాయకురాలు జ్వరంతో సెలవు పెట్టింది. బొమ్మలు వేయిస్తూ కూర్చోమని క్లాసును టీచరమ్మకు అప్పగించారు. పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ ఆమెను వరండాలోకి పిలిచాడు. పక్కన సిమెంటు మరకల చొక్కాతో ఒకతను గోడకు ఆనుకుని ఉన్నాడు. సొట్టబుగ్గ బాబాయి. అన్నదమ్ములిద్దరూ ఒకే భవనం పనిలో ఉన్నారు. పొద్దున పరంజా కూలింది. అన్న అక్కడికక్కడే పోయాడు.

"పిల్లకి మీరే చెప్పాలి" అన్నాడు ప్రిన్సిపాల్. ఆయన బదిలీ మీద వచ్చి నెల కాలేదు, సైగలు రావు. పెద్ద టీచరు పరీక్ష గదిలో ఉండి ఫోన్ ఎత్తడం లేదు.

"నాకొచ్చింది నలభై మాటలండీ! వాళ్ళింట్లో ఎవరికీ సైగలు రావా?"

"మా అన్నకొక్కడికే వచ్చు" అన్నాడు బాబాయి. "నాన్న ఊరెళ్ళాడని చెప్పెయ్యండి. చాలు" అన్నాడు.

"ఇంటికెళ్ళగానే కళ్ళారా చూస్తుంది కదయ్యా. అప్పుడెవరు చెబుతారు?"

టీచరమ్మ పిల్లను పిలుచుకురావడానికి క్లాసులోకి వెళ్ళింది.

ఖాళీ గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. "నాన్న" అంది టీచరమ్మ చేత్తో. శిష్యురాలు పాఠం అప్పజెబుతోందనుకుని పిల్ల మెచ్చుకోలుగా తలూపింది. తర్వాతి మాట టీచరమ్మకు రాదు, రాసి చూపిద్దామంటే పిల్లకింకా చదవడం రాదు. అరచెయ్యి వెల్లకిలా పెట్టి కళ్ళు మూసింది. నిద్రా, అని పిల్ల నవ్వింది. కాదు. పలక మీద భవనం గీసి, పైనుంచి పడుతున్న మనిషిని గీసింది. పిల్ల నవ్వు ఆగింది. సుద్దముక్క లాక్కుని ఆ మనిషి తలకు కట్టు గీసింది, కాలికి కట్టు గీసింది, ఇలాగేనా అన్నట్టు చూసింది. కాదంది టీచరమ్మ. పిల్ల ఆసుపత్రి మంచం గీసింది. కాదంది.

అప్పుడు సొట్టబుగ్గ రెండు అరచేతులూ పక్కపక్కన చాపి మెల్లగా బోర్లించింది. ఆ సైగను టీచరమ్మ ఎన్నడూ చూడలేదు. పిల్ల మొహం చూస్తే తెలిసింది. అవునని తలూపింది.

పిల్ల గట్టిగా కళ్ళు మూసేసుకుంది. ఇక ఎవరేం చెప్పినా ఆమెకు చేరదు. బాబాయి అలాగే ఎత్తుకుని తీసుకెళ్ళాడు.

రెండు వారాలకు బడికొచ్చి వెనక బెంచీలో కూర్చుంది. టీచరమ్మ చేతులెత్తితే కిటికీ వైపు తిరిగిపోయేది.

"మీ మీద కోపం కాదు. ఆ కబురు మీ చేతుల్లోంచి వచ్చింది కదా" అంది పెద్ద టీచరు.

టీచరమ్మ చిన్నపిల్లల తరగతికి మారిపోయింది.

ఆ శనివారం నుంచి సొట్టబుగ్గ తల్లి పెద్ద టీచరు దగ్గర సైగలు నేర్చుకోవడానికి రాసాగింది. టీచరమ్మా పక్కనే కూర్చుని ఆమెతో పాటు నేర్చుకునేది. మూడో శనివారం ఆ తల్లి పాఠం మధ్యలో ఆపి, "ఇంటికి రాగానే నన్ను రోజూ ఇలా ఏదో అడుగుతోందండీ. ఏమంటోంది?" అని బిగుసుకున్న వేళ్ళతో చేసి చూపించింది. పెద్ద టీచరు మూడుసార్లు చేయించి చూసింది. ఎవరికీ అంతుపట్టలేదు. వరండాలో ఉన్న పిల్లను పిలిచి అడిగితే, ఏమీ లేదంది.

"ఈసారి సరిగ్గా చూసి రండమ్మా" అంది పెద్ద టీచరు.

"చూస్తూనే ఉన్నానండీ" అంది తల్లి. "చూడ్డం తప్ప నాకేం చేతనవుతోంది?"