తెర అంటే అల

ముప్పై ఏళ్లుగా ఆ ప్లంబింగు మేస్త్రి వేసిన పైపులన్నీ గోడల్లోనే సమాధి అయ్యాయి. "మీ పని బాగుంటే ఎవరికీ కనబడదు, చెడితేనే కనబడుతుంది" అని భార్య ఆటపట్టించేది. ఆయన నవ్వేసేవాడు గానీ ఆ మాట లోపల గుచ్చుకునేది. అందుకే లైబ్రరీ గోడ పని చేతికొచ్చాక ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. ఐదంతస్తుల బోడి కాంక్రీటు, ఒక్క కిటికీ లేదు. కట్టినవాడికి తప్ప ఎవరికీ నచ్చని గోడ. దాని మీద నీళ్లతో శిల్పం చేస్తానని శిల్పి ఒకావిడ లైబ్రరీ వాళ్లను ఒప్పించింది. "గోడ వెడల్పంతా నీటి తెర కావాలి" అని మేస్త్రికి కాగితం మీద రాసిచ్చి, వేరే పని మీద వెళ్లిపోయింది.

మూడు వారాలు తల బద్దలు కొట్టుకుని, మేస్త్రి పైకప్పు అంచున పొడవాటి తొట్టి బిగించాడు. నిండగానే అది బోర్లపడుతుంది, ఖాళీ కాగానే లేచి కూర్చుంటుంది.

పరీక్ష రోజు ఉదయం శిల్పి వచ్చింది. మేస్త్రి తన భార్యనూ రమ్మన్నాడు. నచ్చకపోతే అన్నీ పీకేసి గోడకు రంగేస్తామని లైబ్రరీ వాళ్లు ముందే తేల్చేశారు. మేస్త్రి కింద మోటారు గదిలో స్విచ్ వేసి చెవులు రిక్కించాడు. బయట ఒక్క మాటా లేదు. గబగబా మెట్లెక్కి వచ్చాడు.

"మేస్త్రి గారూ, నేనడిగింది తెర కదా," అంది శిల్పి. "పరదాలాగా, ఆగకుండా జారాలి."

"తెరంటే అల అనుకున్నానమ్మా," అన్నాడు మేస్త్రి. " తెరలు తెరలుగా అంటాం కదా."

రెండు రోజుల్లో మార్చేస్తానని చెప్పబోతూ తలెత్తాడు. అంచు నుంచి ఒక అల గోడ వెడల్పంతా విచ్చుకుని ఐదంతస్తులూ దిగింది. తడిసిన కాంక్రీటు నల్లబడి, ఎండకు మెరిసి, ఆరీ ఆరకముందే ఇంకో అల వచ్చింది. గోడ ఊపిరి తీసుకుంటోంది. బస్సు కోసం పరిగెత్తుతున్నవాళ్లు ఆగిపోయారు, బస్సు వెళ్లిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. ప్రతి నట్టూ మేస్త్రి తన చేత్తో బిగించిందే, అయినా అది తన పనంటే తనకే నమ్మకం కుదరలేదు.

"మార్చకండి," అంది శిల్పి మెల్లగా. "నాకు ఈ తెర తట్టలేదు."

ఆయన భార్య కోసం వెతికాడు. ఆవిడ జనంలో నిలబడి ఉంది. ఇదెవరు చేశారని పక్కనున్న పెద్దాయన అడిగాడు.

"మా ఆయన," అంది ఆవిడ, గోడ మీంచి చూపు తిప్పకుండా.