గడియారాలాయన పొదిగిన గుడ్డు

రోజూ పొద్దున్నే గడియారాలాయన షాపు షట్టరు ఎత్తి, స్టూలు తుడుచుకుని, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునేవాడు. కూర్చుని ఈగలు తోలుకునేవాడు. ఎదురుగానే రేవు. అక్కడ పడవ ఎక్కడానికి జనం వరసలో నిలబడి ఉండేవాళ్ళు. చేతుల్లో ఆగిపోయిన గడియారాలు, మూగబోయిన రేడియోలు, ఊచలు విరిగిన గొడుగులు. అందరూ ఆయన షాపు ముందునుంచే వెళ్ళాలి. తెలిసినవాళ్ళయితే మొహం అటు తిప్పుకుని వెళ్ళేవాళ్ళు. పాపం, ఆ మాత్రం మర్యాద ఉండేది.

వాళ్ళంతా వెళ్ళేది దీవికి. అదొక రాతిముద్ద, అంతే. చుట్టూ నిట్టనిలువు కొండచరియలు, నెత్తిన కాస్త గడ్డి. చెట్టన్నది లేదు. చరియల అంచుల మీద సముద్రపక్షులు వచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో పక్షికి ఒకటే గుడ్డు. గద్ద తన్నుకుపోయో, గాలికి దొర్లిపోయో గుడ్డు పోతే ఆ పక్షి ఊరికే కూర్చోలేదు. ముందు ఏది పెడితే దాన్ని పొదుగుతుంది. అది పొదిగిందల్లా బాగుపడుతుంది. ఇందులో వింత ఉందని ఎవరికీ తోచలేదు. తలనొప్పొస్తే మందుల షాపుకి వెళ్ళినట్టే, వస్తువు పాడైతే దీవికి వెళ్ళేవాళ్ళు. కాకపోతే పక్షులు బాగుచేసిన వాటికి కొంచెం పక్షిబుద్ధి అంటుకునేది. గడియారాలు చీకటి పడగానే నిద్రపోయి తెల్లవారుజామునే లేచి కూర్చునేవి. గొడుగుల్ని గట్టిగా పట్టుకోకపోతే చెప్పకుండా ఎగిరిపోయేవి.

"చదువూసంధ్యా లేని మెకానిక్కులు! నా కడుపు మీద కొట్టడానికే పుట్టాయి," అని గడియారాలాయన తిట్టుకునేవాడు. చచ్చినా ఆ దీవిలో కాలు పెట్టనని అందరి ముందూ ఒట్టు వేసుకున్నాడు.

అలాంటి మనిషి ఒక పొద్దున షట్టరు ఎత్తకుండా వెళ్ళి పడవ వరసలో నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. సంగతి అందరికీ తెలుసు.

ఆయన ఒక్కగానొక్క కూతురు సిటీబస్సులో కండక్టరు. డ్రైవరు బ్రేకు వేసినప్పుడు ఫుట్‌బోర్డు మీదనుంచి పడింది, తలకి దెబ్బ తగిలింది. అప్పటినుంచీ ఆసుపత్రి మంచం మీద, కళ్ళు తెరవకుండా, పిడికిళ్ళు బిగించుకుని పడుకుని ఉంది. ఊపిరి మెషినే పీల్చి మెషినే వదులుతోంది. డాక్టరు మంచివాడే, కానీ దాచుకోవడం చాతకాదు. "లోపల ఏమీ లేదండీ. ఈ వారం చూద్దాం. ఆ తర్వాత మెషిన్ తీసేద్దాం," అన్నాడు.

తల్లి మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది. తండ్రి మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు. వెంట్రుకంత స్ప్రింగుని చెదరకుండా తీసి పెట్టగల చేతులు, ఆ గొట్టాల మధ్య పిల్లని ముట్టుకోవాలంటే ముందుకి రాలేదు.

పడిన రోజు కూతురి మెడలో విజిల్ ఉంది. ఆ రోజునుంచీ అది మోగడం మానేసింది. ఆయన విప్పి చూశాడు. లోపలి గుండు శుభ్రంగా తిరుగుతోంది, ఎక్కడా చిన్న బీట లేదు. ఎంత ఊదినా గాలి తప్ప చప్పుడు రాదు.

"ఇది మోగిందంటే పిల్ల లేస్తుంది. నా మనసుకి తెలుస్తోంది. తీసుకుని దీవికి వెళ్ళండి," అంది భార్య.

"ఇన్నాళ్ళూ అన్ని మాటలన్నాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే?"

"ఉన్న మొహం పెట్టుకునే వెళ్ళండి. ఇప్పుడు కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తాం?"

పడవ అలల మీద లేచి పడుతోంది. సరంగు మబ్బుల్ని చూసి మొహం చిట్లించాడు. "సాయంత్రం హారన్ కొడతాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టు, రానివాళ్ళు రానట్టు. తుఫాను పడితే మళ్ళీ పడవ ఎప్పుడో నాకే తెలీదు."

దీవికి రేవు లేదు. అల పడవని పైకెత్తినప్పుడు రాతి మీదికి దూకాలి, అంతే. గడియారాలాయన దూకి, జారి, మోకాలు చెక్కుకుపోయి లేచాడు. కిందరాళ్ళ మీద సీల్ జంతువులు నల్లగా నిగనిగలాడుతూ పడుకుని, పిలవని చుట్టాలొచ్చిన ఇంటివాళ్ళలా వీళ్ళకేసి విసుగ్గా చూశాయి. పైనంతా పక్షులు. చరియ చరియంతా నలుపూ తెలుపూ. వాటి గోలకి పక్కమనిషి మాట వినబడదు. రెట్టల కంపుకి కళ్ళు మండుతున్నాయి.

గూళ్ళకి కాపలా ఒక పెద్దావిడ. జుట్టులో ఎప్పుడూ ఈకలు చిక్కుకుని ఉంటాయి కాబట్టి ఆమెని అందరూ ఈకలావిడ అంటారు. ఏ పక్షి గుడ్డు పోయిందో ఆమెకే తెలుసు, వస్తువు ఎక్కడ పెట్టాలో ఆమే చూపిస్తుంది.

"ఎవరికీ లేదు, వెనక్కి పోండి. ఈ ఏడాది గద్దలు రాలేదు. ఒక్క గుడ్డూ పోలేదు. పక్షులకి ఇంత మంచి ఏడాది నేను చూళ్ళేదు," అంది కర్ర ఊపుతూ.

జనం సణుక్కున్నారు. వచ్చినందుకు కాసేపు సముద్రాన్నీ, సీళ్ళనీ చూసి కిందికి దిగడం మొదలుపెట్టారు. గడియారాలాయన కదల్లేదు.

"అమ్మా, మా అమ్మాయి..."

"తెలుసు నాయనా. ఆ పిల్ల బస్సు నేనూ ఎక్కాను. చిల్లర లేదంటే విసుక్కునేది కాదు."

"అయితే ఒక్క గూడు చూపించు. ఒక్క గుడ్డు పక్కకి..."

"ఆ మాట నేను వినలేదనుకుంటాను," అని ఆమె మిగతావాళ్ళని దింపడానికి వెళ్ళిపోయింది.

ఆయనకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఇన్ని వేల పక్షుల్లో ఒక్కదానికీ నష్టం జరగలేదు, ఆ నష్టమంతా మా ఇంటికే రావాలా అని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బోర్లా పడుకుని చరియ అంచుకి పాకాడు. చేతికందేంత దూరంలో ఒక పక్షి ఉంది. రెక్క కిందికి చెయ్యి పోనిచ్చాడు. అది పొడిచింది. రక్తం వచ్చింది. అయినా గుడ్డు లాగేసి, ఆ జాగాలో విజిల్ పెట్టాడు. పక్షి రెక్కలు కొట్టుకుంది, అరిచింది, కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఆఖరికి విజిల్‌ని ముక్కుతో సర్దుకుని దాని మీద కూర్చుంది.

గుడ్డుని సముద్రంలోకి విసిరెయ్యాలి. గూడు ఖాళీది, గుడ్డు ఎప్పుడో పోయిందని చెప్పాలి. అదీ ఆయన అనుకున్నది. చెయ్యెత్తాడు కూడా. కానీ చేతికొచ్చిన ఏ వస్తువునైనా ముందు చెవి దగ్గర పెట్టుకునే అలవాటు ఆయనది. ఆ అలవాటు కొద్దీ పెట్టుకున్నాడు.

లోపల టిక్‌మంది.

ఆగి, మళ్ళీ టిక్‌మంది. గడియారం నడక కాదది. ఎవరో తలుపు తడుతున్నట్టుంది. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. ఆగిపోయినవాటిని నడిపించాడు కానీ, నడుస్తున్నదాన్ని ఆపిన పాపం ఇన్నేళ్ళలో ఎరగడు. చొక్కా గుండీ విప్పి గుడ్డుని పొట్టకి ఆనించుకున్నాడు. కింద పడవ హారన్ మోగింది. మళ్ళీ మోగింది. తర్వాత మోగలేదు.

ఈకలావిడ వచ్చి చూసి కర్ర ఎత్తింది. "తీశావా? గుడ్డు తీశావా? ఎంత గుండెరా నీకు!"

"తీశాను. పారెయ్యలేదు. ఇదిగో, నా దగ్గరే ఉంది."

"వెనక్కి పెట్టెయ్."

"పెడితే విజిల్ తియ్యాలి కదమ్మా. తీస్తే మా పిల్ల పోతుంది."

ఆమె పక్షినీ ఆయననీ మార్చి మార్చి చూసింది. కర్ర దించింది. "అయితే నువ్వే పొదుగు. కదిలావంటే చల్లబడుతుంది. చల్లబడితే చస్తుంది. అది చచ్చిందంటే నిన్ను నేనే తోసేస్తాను."

తుఫాను ఆ సాయంత్రమే విరుచుకుపడింది. ఈకలావిడ ఆయన మీద ఒక టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. అప్పుడప్పుడూ వచ్చి వేడినీళ్ళూ రొట్టెముక్కా నోటికి అందించి వెళ్ళేది. ఆయన చేతులు రెండూ గుడ్డు మీదే ఉండేవి. కాళ్ళు మొద్దుబారాయి, నడుం విరిగిపోతోంది. పక్షి మొదట్లో వీలు చిక్కినప్పుడల్లా పొడిచేది. తర్వాత మానేసింది. ఇద్దరూ పక్కపక్కన ఒకరి సొత్తు మీద ఒకరు కూర్చుని వాన చూస్తూ ఉండిపోయారు.

కాపలా గదిలో వైర్‌లెస్ సెట్టు ఉంది. ఒక మధ్యాహ్నం ఈకలావిడ దాన్ని సంచిలో పెట్టుకుని తెచ్చి ఆయన చెవి దగ్గర పెట్టింది. రేవు వాళ్ళు ఆసుపత్రి ఫోను కలిపారు. గరగర మధ్య భార్య గొంతు.

"ఏవండీ, వారమైపోయిందంటున్నారు. సంతకం పెట్టమంటున్నారు. ఎక్కడున్నారండీ మీరు?"

"దీవిలోనే ఉన్నా. పడవ లేదు."

"ఏం చేస్తున్నారు?"

"గుడ్డు పొదుగుతున్నా."

గరగర తప్ప ఏమీ వినబడలేదు. లైను పోయిందనుకున్నాడు.

"అయితే కదలకండి," అంది భార్య. "ఇక్కడ నేను చూసుకుంటా. సంతకం పెట్టను."

వాన వెలిసిన పొద్దున గుడ్డు మీద సన్నటి గీత పడింది. ఆయన కంగారుగా గోరు పెట్టబోయాడు. ఈకలావిడ చేతి మీద ఒక్కటిచ్చింది.

"చెయ్యి పెట్టకు! నువ్వు పగలగొడితే చస్తుంది. అదే రావాలి."

అదే వచ్చింది. తడితడిగా, నల్లగా, ఆయన అరచేతిలో పిడికెడంత పిల్ల. నోరు తెరిచి కీచుమంది. ఆ కూత వినగానే పక్కనున్న పక్షి చటుక్కున లేచి నిలబడింది.

"విజిల్ ఇంకా తయారవలేదు," అంది ఈకలావిడ నెమ్మదిగా. "పిల్లని ఇచ్చావంటే పక్షి మళ్ళీ దాని మీద కూర్చోదు. ఇవ్వకపోతే మేత లేక సాయంత్రానికి పిల్ల పోతుంది. ఇంక నేనేం చెప్పను? నీ ఇష్టం."

గడియారాలాయన భోరుమన్నాడు. తుఫానులో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఇలాంటి బేరం ఎవరికీ పెట్టకూడదు. పక్షి మెడ చాచి పిల్లకేసే చూస్తోంది. ఆసుపత్రిలో తన భార్య కూడా అచ్చం అలాగే చూస్తూ కూర్చుని ఉంటుంది. అది తలుచుకున్నాక ఇంక ఆయన వల్ల కాలేదు. పిల్లని గూట్లో పెట్టి విజిల్ తీసేసుకున్నాడు. పెదాల మధ్య పెట్టుకుని ఊదాడు.

గాలి తప్ప ఏమీ రాలేదు.

తడిసిన చొక్కా మార్చుకుంటుంటే ఈకలావిడ ఆయన పొట్టకేసి చూసి ఆగింది. గుడ్డు ఆనిన చోట వెంట్రుకలన్నీ రాలిపోయి, గుడ్డంత మేర చర్మం ఎర్రగా నున్నగా ఉంది.

"పొదిగే పక్షులకి అక్కడ ఈకలు రాలిపోతాయి. ఆ వేడి కొన్నాళ్ళుంటుంది," అని, పొడి చొక్కా అందించి, పడవొస్తోందని చెప్పింది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టరు గదిలోనే ఉన్నాడు. భార్య అదే కుర్చీలో, పీక్కుపోయిన మొహంతో ఉంది. ఆయన్ని చూసి లేచి గుమ్మం దగ్గరికొచ్చింది. విజిల్ ఆమె చేతిలో పెట్టి తల అడ్డంగా ఊపాడు గడియారాలాయన. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

"ఇంక లాభం లేదండీ. ఇవాళ తీసేద్దాం," అన్నాడు డాక్టరు.

"తీద్దురుగాని. ఒక్కసారి నన్ను కూర్చోనివ్వండి."

మొదటిసారి ఆయన గుమ్మం దాటాడు. గొట్టాలు తప్పించుకుంటూ వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. కూతురి చెయ్యి మంచులా ఉంది. పిడికిలి బిగిసి, గుండ్రంగా, గుడ్డంత ఉంది. చొక్కా పైకెత్తి, ఆ పిడికిలిని పొట్టమీది ఎర్రటి మచ్చకి ఆనించి, పైన రెండు చేతులూ కప్పి కూర్చున్నాడు.

డాక్టరు ఆ మచ్చని చూశాడు. ఆయన స్టెతస్కోపు కూడా దీవిలో బాగైందే, తెల్లవారితే చాలు కిలకిలమంటూ ఉంటుంది. ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎండ కిటికీలోంచి మంచం మీదికొచ్చింది, మంచం దాటి గోడెక్కింది. నర్సు వచ్చి తొంగిచూసి వెళ్ళిపోయింది. గడియారాలాయన కదల్లేదు. కదలకుండా కూర్చోవడం ఆయనకిప్పుడు బాగా వచ్చు.

చివరికి, అలవాటు కొద్దీ, ఆ పిడికిలిని పైకెత్తి చెవికి ఆనించుకున్నాడు.

చాలాసేపు అలాగే ఉండిపోయాడు. భార్య కుర్చీలోంచి లేచింది. "ఏవండీ?"

"తడుతోంది," అన్నాడు.

డాక్టరు గబుక్కున లేచి పిడికిలి విప్పి చూడబోయాడు. గడియారాలాయన ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చెయ్యి పెట్టకండి డాక్టరుగారూ. అదే రావాలి."

ముగ్గురూ చూస్తూ ఉండిపోయారు. పిడికిలిలోంచి ముందు చిటికెనవేలు మెల్లగా బయటికొచ్చి, తండ్రి చెంపని తడిమింది.