అఖాతం అవతలి ముక్క

"మిస్! రాష్ట్రాన్ని ఎవరో ఎత్తుకుపోయారు!"

నాలుగో తరగతి గుమ్మంలో ఒడెట్ పెట్టిన కేకకి లెనోరా చేతిలో కాఫీ ఒలికింది. నిన్న సాయంత్రం గది నిండా పరిచి వెళ్లిన వర్జీనియా మ్యాప్ మాయమైంది. పదహారడుగుల గుడ్డ మ్యాప్. ఉత్త నేల మిగిలింది. పది గంటలకి దాన్ని చూడ్డానికి కౌంటీ స్కూల్ బోర్డు వాళ్లొస్తున్నారు. గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది.

నాలుగు నెలలు కుట్టింది. అఖాతానికి నీలం గుడ్డ, తీర మైదానానికి పాత దుప్పటి, దాని పక్క మెట్టనేల పీడ్‌మాంట్‌కి తన గోధుమరంగు స్కర్టు, బ్లూ రిడ్జ్ కొండలకి మొగుడు వెండెల్ జీన్సులో కూరిన దూది, లోయలకీ గుట్టలకీ కుచ్చులు పెట్టిన కర్టెను, పడమటి పీఠభూమికి నల్ల వెల్వెట్, దాని మీద బొగ్గుకి గుర్తుగా నల్ల గుండీలు. "వంటింటి బల్ల మీద రాష్ట్రం పరిచావు, నా కంచం ఏ కౌంటీలో పెట్టుకోను?" అన్నాడు వెండెల్, ఆ కంచం కూడా ఆమే తెచ్చిపెట్టేదాకా కూర్చుని. "టీచర్లకేం తల్లీ, ఎండాకాలమంతా సెలవులేగా" అంది అత్తగారు ఫోన్లో. కౌంటీ ఆఫీసులో పాఠ్యాంశాలు చూసే కెస్లర్ అయితే మ్యాప్ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, "మీ కుట్టుపని ముచ్చటగా ఉంది, మిసెస్ గ్రెషమ్" అన్నాడు. నిరుడు ఆమె రాసిన దిక్కుల పాఠం అతని పేరుతో కౌంటీ అంతా తిరిగింది. అప్పుడామె అన్నది ఒక్కటే మాట: "పర్లేదు." ఇరవై రెండేళ్లుగా ఇంట్లోనూ బళ్లోనూ ఆమె నోట్లో అరిగిపోయిన మాట అది.

"మిస్, ఇదొక్కటీ వదిలేశారు!" ఎజ్రా బల్ల కిందనుంచి పాక్కుంటూ వచ్చాడు. వాడి చేతిలో పొడుగాటి సన్నటి గుడ్డముక్క.

ఈస్టర్న్ షోర్. అఖాతానికి అవతల ఉన్న వర్జీనియా తునక. మిగతా రాష్ట్రానికి అతకదు కాబట్టి విడిగా కుట్టింది. లెనోరా పుట్టిందక్కడే. వాళ్లమ్మ పీతల షెడ్డులో మాంసం ఒలిచి పిల్లల్ని పెంచింది. మ్యాపులు గీసేవాళ్లు ఆ ముక్కని మర్చిపోవడం మామూలే. అందుకే ఏటా మొదటిరోజే పిల్లలకి చెప్తుంది: అఖాతం దాటందే వర్జీనియా పూర్తవదు.

"అయితే దొంగ మన క్లాసువాడు కాదు" తేల్చేసింది ఒడెట్. "మనవాడైతే దీన్ని వదిలి వెళ్లడు."

"గుండీ!" తలుపు దగ్గర ఎవరో అరిచారు. నల్ల గుండీ. వరండాలో ఇంకోటి.

సెప్టెంబరులో పిల్లలే గీసిన బడి పటం బయటికొచ్చింది. "ఉత్తరంగా పోయాడు!" "ఉత్తరం అటు కాదురా మొద్దూ, జిమ్ హాలు నీ వెనకాల ఉంది!" "స్కేలు చూడు, అంగుళానికి ఇరవై అడుగులు!" ఇరవై ఒక్కమంది దిక్కులు చెప్పుకుంటూ పరిగెడుతుంటే లెనోరాకి భయం బదులు నవ్వొచ్చింది. చచ్చినా రావనుకున్న పాఠాలన్నీ వచ్చేశాయి వీళ్లకి!

అయిదో గుండీ లైబ్రరీ గుమ్మంలో దొరికింది. "దొంగ లోపలే ఉన్నాడు!" అని అరుస్తూ అందరూ తోసుకొచ్చారు.

లోపల బోర్డువాళ్లు ముందే వచ్చి డోనట్లు తింటున్నారు. వాళ్ల మధ్య నేలమీద మ్యాప్. దాని మీద, బూట్లతో, కెస్లర్.

"నేను రూపొందించిన నమూనా ఇది. మన రాష్ట్రంలో అంగుళం కూడా వదల్లేదు" అంటున్నాడు.

మ్యాప్ ఎక్కాలంటే బూట్లు విప్పాలన్నది ఆ క్లాసు చట్టం. ఎజ్రా చేతిలోని గుడ్డముక్క తీసుకుని ఒడెట్ బూట్లు విప్పింది. మేజోళ్లతో పీఠభూమి ఎక్కి, గుట్టలు దాటి, బ్లూ రిడ్జ్ దిగి, పీడ్‌మాంట్ మీదుగా తీరానికి చేరింది.

"జరగండి సార్. మీరు అఖాతంలో నిలబడ్డారు."

బోర్డు అధ్యక్షురాలు మిసెస్ ఆల్డ్రిడ్జ్‌కి డోనట్ పొలమారింది. ఒడెట్ ఆ ముక్కని నీలం గుడ్డ మీద, ఎంత ఎడంగా ఉండాలో అంత ఎడంగా పరిచింది.

కెస్లర్ నవ్వేశాడు. "తెచ్చేటప్పుడు జారిపోయుంటుంది. మిసెస్ గ్రెషమ్ కుట్టుపనిలో సాయం చేశార్లెండి. కదండీ?"

నాలుక చివరికి అలవాటుగా 'పర్లేదు' వచ్చి నిలబడింది. పిల్లలందరూ ఆమె వంకే చూస్తున్నారు.

"ఇంతకీ ఈ పిల్లలు తరుముకొచ్చిన దొంగెవరమ్మా?" కళ్లు తుడుచుకుంటూ అడిగింది మిసెస్ ఆల్డ్రిడ్జ్.

లెనోరా చెప్పులు విడిచింది. తన స్కర్టు మీదుగా, తన దుప్పటి మీదుగా నడిచి, అఖాతం దాటి, అమ్మ ఊరి మీద రెండు పాదాలూ ఆనించి నిలబడింది. ఒళ్లంతా తేలికైపోయింది.

"ఈ మ్యాప్ ఆలోచన నాదండీ. పాఠం నాది, కుట్టింది నేను. నిరుటి దిక్కుల పాఠమూ నాదే" అంది హాయిగా నవ్వుతూ. "రెండూ ఎత్తుకుపోయింది డేల్ కెస్లర్."