అప్పలసూరి కూతురి ఊరు

చరోదా రైల్వే కాలనీ మలుపులో ఆటో దిగేసరికి రజనికి ఒళ్ళు హూనమైపోయింది. అలసటనైనా ఓర్చుకోవచ్చు. పక్కనే సంచులు దింపుకుంటున్న సాహూ దీదీ నోరు విప్పితే కాలనీలో తను తలెత్తుకోవడం ఎలాగన్నదే ఆమె బెంగ.

పుట్టిందీ పెరిగిందీ హిందీ మాట్లాడే ఈ చరోదాలోనే అయినా, "మాది భీమిలి" అని రజని చెప్పుకోని రోజు లేదు. నాన్న అప్పలసూరి ఇక్కడ రైల్వేలో చేరకముందు అక్కడివాడే మరి. పాత బజారు, గడియార స్తంభం, ఏరు సముద్రంలో కలిసే చోటు, అడుగడుగునా పలకరించే చుట్టాలు... ఆయన చెప్పినవన్నీ తన కళ్ళతో చూసినట్టే చెప్పేది. చూసింది మాత్రం ఊహ తెలియని వయసులో ఒక్కసారి. పక్కింటి సాహూ దీదీ ఆ కబుర్లన్నీ నమ్మి, నీ ఊరు చూపించమని వెంటపడి బయల్దేరదీసింది.

చూపించింది, పాపం. బజారులో దారి తప్పింది. నాన్న చెప్పిన వీధి పేరు అడిగితే ఎవరికీ తెలియలేదు. ఎర్రమట్టి దిబ్బల మధ్య ఎండలో తిప్పి, తాటితోపుల వెంట నడిపించి, చివరికి ఒడ్డున కూలబడేసరికి సముద్రం కూడా రజని కంటికి ఆనలేదు. అన్నిటికంటే ఘోరం తాండ్ర కొట్టువాడు చేసిన పని. రజని తెలుగులో ధర అడిగితే, ఆమె యాస విని, వాడు హిందీలో జవాబిచ్చాడు. మర్యాదగానే. ఆ మర్యాదకే ఆమె ప్రాణం చివుక్కుమంది. దీదీ పక్కనే నిలబడి అంతా వింది. ఏమీ అనలేదు. రైల్లోనూ అనలేదు.

కొళాయి దగ్గర బిందె పెట్టుకుని కనకరత్నం ఉండనే ఉంది. విజయనగరం నుంచి కోడలిగా వచ్చి ఇక్కడే ముసలిదైన మనిషి. రజని గొప్పలు ఏనాడూ నమ్మింది కాదు.

"ఏటే, మీవోళ్ళు అగుపడ్డారేటి?"

రజని కంటే ముందు దీదీయే హిందీలో అందుకుంది.

"ఆ మాట అడక్కు అమ్మా. గడపగడపకీ పిలిచి కూర్చోబెట్టారు. ఒక ముసలావిడైతే, అప్పలసూరి కూతురివా అని పట్టుకుని ఏడ్చేసింది. తినిపించి తినిపించి చంపేశారు."

ఆ మాట అనేసి, రజని వైపు చూడకుండా సంచి భుజానికెత్తుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. రజనికి ఏడుపొచ్చినంత పనైంది.

కనకరత్నం నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

"అదృష్టమంతురాలివే," అంది చివరికి. "మావూరు నానెల్తే గుమ్మంలోకి పిలిసేవోళ్ళు నేరు. అందుకే ఎల్లడం మానేసినాను."

రజనికి నిలబడే ఓపిక లేదు. అయినా సంచి విప్పి, ఆ కొట్లో కొన్న తాటితాండ్ర పొట్లం తీసింది.

"పిన్నీ, ఇది నీకేనంట. మావోళ్ళు పంపినారు."

కనకరత్నం తడిచేతులు చీరకు తుడుచుకుని పొట్లం అందుకుంది.

"నా గురించి అడిగినారేటే?"

"అడిగినారు పిన్నీ," అంది రజని. "అందరూ అడిగినారు."