బండెక్కిన పడవ

టెక్కలిలో జగన్నాధం మాస్టారి ముందుగదిలోంచి మంచం బయటికి వెళ్లి ఏడేళ్లయింది. ఆ చోట ఇప్పుడొక పెద్ద బల్ల. బల్ల మీద, నౌపడ నుంచి కొండల వైపు ఒకప్పుడు నడిచిన చిన్నబండి. పెద్ద లైను పడ్డాక ఊళ్లోంచి మాయమైన ఆ బండిని, ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఎనభై ఏడో వంతు కొలతలో మళ్లీ పట్టాలెక్కించారు. స్టేషను గోడకు ఎన్ని ఇటుక వరసలో, నీళ్ల ట్యాంకుకు ఎన్ని మెట్లో, ప్రతిదానికీ ఆయన దగ్గర కాగితం ఉంది. కాగితం లేనిదేదీ ఆ బల్ల ఎక్కలేదు.

లైబ్రరీలో ప్రదర్శన రేపనగా, శనివారం పొద్దున్న ఒకటి ఎక్కింది.

"ఇదేమిటి నూకయ్యా?"

"పడవండి. కానరావట్నేదేటి?"

నూకయ్యది భావనపాడు. పడవలు చెక్కిన చెయ్యి. బల్ల మీది ఇళ్లన్నీ ఆ ఉలి చలవే. ఇప్పుడు గూడ్సు పెట్టె మీద బుల్లి పడవనొకదాన్ని దారాలతో కట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా అయ్య అసిరయ్య కొండకాడ సెక్కించిన పడవని ఈ బండిమీదే తెచ్చాడు మాస్టారూ. ఊరోళ్లు నమ్మనేదు. సచ్చేదాకా 'రైలు పడవోడు' అని ఎక్కిరించారు. రేపు ఆళ్లంతా వస్తారు. సూడనీండి."

"గూడ్సు రిజిస్టరు నకలు నా దగ్గరుంది. ఉప్పు ఉంది, చింతపండు ఉంది, ఎండుచేప ఉంది. పడవ లేదు."

"గార్డుకి రెండు పండుగప్ప చేపలిచ్చి ఎక్కిస్తే రిజిస్టర్లో ఎందుకుంటాది?"

"ఇది బొమ్మలకొలువు కాదయ్యా! ఇవాళ నువ్వు పడవ పెడితే, రేపింకొకడు పుష్పక విమానం తెస్తాడు."

"అలాగైతే నా ఇళ్లు నేను పట్టుకుపోతాను. మీ టేసన్లో కాగితాలు నిలబెట్టుకోండి."

నూకయ్య నిజంగానే సంచీ విప్పాడు. టీ గ్లాసులతో వచ్చిన మాస్టారి భార్య నీలవేణి గుమ్మంలోనే ఆగి, "మాటలెందుకు? నడిపి చూడండి. క్లాసులో పిల్లలకు అదే కదా చెప్పేవారు," అంది.

మాస్టారికి ఉత్సాహం వచ్చింది. పడవ పెట్టెకన్నా పొడుగు. మలుపులో దాని కొసలు పట్టా దాటి బయటికి జరుగుతాయి, అక్కడ సిగ్నల్ స్తంభం ఉంది. పడవ దాటదు. లెక్క చూసుకుని మీట తిప్పారు. బండి బుద్ధిగా మలుపు దగ్గరికి వచ్చింది. పడవ ముక్కు బయటికి జరిగి స్తంభానికి టక్కున తగిలింది.

"చూశావా!"

స్తంభం పక్కకు ఒరిగింది. పడవ దాన్ని రాసుకుంటూ సాగి స్టేషను చేరింది.

"సూసాను. తగిలింది. వచ్చింది కూడా," అన్నాడు నూకయ్య.

నీలవేణి బల్లను చూడడం లేదు, గోడను చూస్తోంది. అక్కడ పాత స్టేషను ఫోటో ఉంది. "ఏమండీ, ఇందులోనూ స్తంభం ఇటే ఒరిగి ఉంది. మీరెందుకు నిటారుగా పెట్టారు?"

"డ్రాయింగులో నిటారుగా ఉంది."

"మరి ఫోటోలో?"

మాస్టారు ఫోటోను గోడ మీంచి దించారు. ఏడేళ్లుగా రోజూ చూస్తున్న ఫోటో. "తుఫానుకు ఒరిగి ఉండొచ్చు," అన్నారు గానీ, గొంతులో పాఠం చెప్పే ధీమా లేదు.

"పక్కనున్న టెలిగ్రాం స్తంభం నిలువుగానే ఉన్నాది కదండీ. తుపాను దీన్నొక్కదాన్నే ఎతుక్కుని వచ్చిందేటి?"

మాస్టారు స్తంభాన్ని సరిచేసి బండిని మళ్లీ తిప్పారు. ఇంకోసారి తిప్పారు. మూడుసార్లూ అది ఒకే వైపు, ఫోటోలో ఉన్న వైపే ఒరిగింది. దీంతో అసిరయ్య మాట రుజువైపోదని ఆయనకు తెలుసు. అయితే కాగితం లేదని పడవను తోసిపుచ్చిన మనిషే, చేతిలో ఉన్న ఫోటోను కాదని స్తంభాన్ని నిలబెట్టాడనీ తెలిసింది. టీ చల్లారిపోయింది.

"సంచీ మూసెయ్, నూకయ్యా," అన్నారు చివరికి.

మర్నాడు లైబ్రరీలో స్తంభం ఒరిగే ఉంది. పడవ పక్కన మాస్టారి గుండ్రటి చేతిరాతలో ఒక అట్టముక్క: 'అసిరయ్య పడవ. రిజిస్టరులో లేదు. రాలేదని చెప్పడానికీ నా దగ్గర ఆధారం లేదు. స్తంభం ఒరిగిన మాట నిజం.'

"ఆ 'నిజం' కాస్త పెద్దచ్చరాల్లో రాయొచ్చు కదండీ," అన్నాడు నూకయ్య.

"అది స్తంభం గురించి."

"తెలుసులెండి."

అసిరయ్యను అందరికన్నా ఎక్కువ వెక్కిరించిన భావనపాడు కూర్మయ్య కళ్లజోడు సవరించుకుని అట్ట రెండుసార్లు చదివాడు. ఫోటో చూశాడు. పడవ చూశాడు.

"ఒరే నూకా, ఓపాలి నడిపించు, సూద్దాం."

నూకయ్య చెయ్యి మీట మీదికి పోబోయింది. మాస్టారు దాన్ని ఆపి, ముందుగా వేలితో స్తంభాన్ని నిటారుగా నిలబెట్టారు. ఆ తరువాత మీట తానే తిప్పారు, నెమ్మదిగా, ఆ టక్కుమన్న చప్పుడు కూర్మయ్యకు బాగా వినబడేలా.