వేడి తిప్పిన చెయ్యి

పోయిన వారం మొగుడు జగన్మోహన్ విసిరిన ఇనప రోకలి తగలకుండా విజయశ్రీ పక్కకి తప్పుకుంది. ఆమె వెనక, గదిని వేడెక్కించే వేణ్ణీళ్ల రేడియేటర్ తప్పుకోలేకపోయింది. రేకు చిట్లి, అప్పట్నుంచీ పడగ్గది కార్పెట్ మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ప్లంబర్ని పిలుద్దామండీ."

"వచ్చినవాడు ఇదెలా పగిలిందని అడిగితే ఏం చెప్తావ్? చెప్పు, ఇప్పుడే ప్రాక్టీస్ చెయ్."

ఆమె ఏం చెప్తుంది? న్యూజెర్సీలో జనవరి నెల. పొత్తిళ్ల వయసు దాటని పిల్ల ముక్కు పొద్దస్తమానం ఎర్రగానే ఉంటోంది. పిల్లకి వేడి కావాలి. కానీ మొగుడు చేత్తో ఏదైనా బరువైనది పట్టుకున్నాడంటే చాలు, ఆమె కళ్లు ముందు పిల్ల ఎక్కడుందో వెతుక్కుంటాయి.

కొట్టిన ప్రతిసారీ ఆ తర్వాత అతనే తువ్వాల్లో ఐస్ చుట్టి తెచ్చేవాడు. "కోపమొస్తే నా చెయ్యి నా మాట వినదే శ్రీ, ఏం చెయ్యను?" అని ఏడ్చేవాడు. మూర్ఛలాంటి జబ్బేమో పాపం, అని ఆమె నమ్మింది.

శనివారం పొద్దున్నే కొత్త రేడియేటర్ తెచ్చాడు. హాల్లో హీటు డయల్ కిందికంటా తిప్పి ఆపేసి, "దీన్ని ఎవరు ముట్టుకున్నా చేతులు విరగ్గొడతా!" అని అరిచాడు. ఎవరున్నారు గనక? ఆమె, పిల్ల, మనవరాల్ని చూసుకోడానికి వచ్చిన అత్తగారు శేషమ్మ. ఆవిడ అప్పటికే స్నానాల గదిలో పిల్లకి నూనె రాస్తోంది. ఆ అరుపు విందో లేదో. ఆ ఇంట్లో ఆవిడ చాలా అరుపులు విననట్టే ఉండేది.

గోడలోంచి వచ్చేవి ఇనప గొట్టాలు కావు, బూడిదరంగు ప్లాస్టిక్‌వి. పాతది ఊడదీసి కొత్తది తగిలించి నీళ్లు వదిలాడు. అతుకు దగ్గర చుక్క చుక్క కారింది. పానా వేసి, కాలు గోడకి తన్నిపెట్టి తిప్పాడు.

"గొట్టం మెలి తిరుగుతోందండీ."

"నోర్ముయ్! తొమ్మిదో క్లాసు కూడా గట్టెక్కనిదానివి, నాకు నేర్పుతావా?"

ఇంకో చుట్టు తిప్పాడు.

శేషమ్మ పిల్లకి సాంబ్రాణి పొగ వేసి, తువ్వాల్లో చుట్టి తెచ్చి విజయశ్రీ చేతుల్లో పెట్టింది. "ఇల్లంతా మంచుగడ్డలా ఉందేంటమ్మాయ్? నూనె స్నానం చేసిన పిల్ల!" అంటూ హాల్లోకి వెళ్లింది. కాసేపటికి కింద బేస్‌మెంట్‌లో నీళ్లు కాచే బాయిలర్ గర్జించింది.

విజయశ్రీ పిల్లని గుండెకి అదుముకుంది. "ఏవండీ, లేవండి—"

వేడి నీళ్లు తగిలేసరికి మెలిపడిన గొట్టం మెత్తబడి ఒక్కసారిగా పట్టు వదిలేసింది. సలసలలాడే నీళ్లు జగన్మోహన్ మోచేతి మీదికి చిమ్మాయి. పెద్ద కేకపెట్టి లేచాడు. లేవడం లేవడమే ఆమె చెంప మీద కొట్టాడు. ఆమె తల వెళ్లి తలుపు చెక్కకి గుద్దుకుంది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

"ముట్టుకోవద్దని చెప్పానా? చెప్పానా లేదా?"

పానా పైకి లేచింది. విజయశ్రీ పిల్ల మాడు మీద అరచెయ్యి కప్పి కళ్లు మూసుకుంది.

"నేను తిప్పానురా."

శేషమ్మ గొంతు. ఆవిడ ఇద్దరి మధ్యకీ వచ్చి రెండు చేతులూ చాపింది. వేళ్లకింకా సాంబ్రాణి బూడిద అంటుకునే ఉంది. "పిల్ల వణుకుతోందని తిప్పా. చేతులు విరగ్గొడతానన్నావుగా. ఇవిగో, కానియ్."

పానా గాల్లోనే ఆగింది.

"నువ్వా అమ్మా? నీకెలా తెలుస్తుందిలే," అన్నాడు. కోపంలోనూ అతనికి అంత మెత్తటి గొంతు ఉందని విజయశ్రీకి ఇన్నాళ్లూ తెలీదు. పానాని కిటికీ చెక్క మీద, రంగు గీసుకుపోకుండా, నెమ్మదిగా పెట్టాడు. చెయ్యి వణకనైనా లేదు.

ఆమె ఆ చేతినే చూసింది. ఎంత బుద్ధిగా ఆగిందో! వినని చెయ్యి కాదది. తన దగ్గర ఆగాల్సిన అవసరం రాలేదంతే.

మేకు మీది కోటు తీసి పిల్లతో సహా చుట్టుకుంది. నీళ్లు మడమల దాకా వచ్చాయి.

"ఎక్కడికే?"

"ఎదురింటి రేణు వాళ్లింటికి. పోలీసులకి ఫోన్ చెయ్యాలి."

"ఈ నీళ్లు ఎవడు ఆపుతాడే?"

"మాట వినే చెయ్యే కదండీ. దానికే చెప్పండి."

శేషమ్మ పిల్ల కాళ్లకి మేజోళ్లు తొడిగింది. వీధి తలుపు తీసి పట్టుకుని, కోడలు మంచులోకి దిగాక, కొడుక్కి అడ్డంగా గడపలో నిలబడింది.