గంగవ్వ మీద శోకం

"మంచిగ ఏడువాలె మల్ల. ఊరోల్లందరు వీడియోల సూస్తరు," అన్నాడు సురేశ్. "ఇయ్యాల నా ఇజ్జత్ తీసినవనుకో, నిన్ను మీ ఊరికి తోలుత. పిల్ల ఈడనె ఉంటది."

సంగీత నల్లా కింద డ్రమ్ము జరుపుతోంది. అత్త గంగవ్వ ప్రాణం పొద్దున ఆరింటికి పోయింది. సూరత్‌లోని ఈ బమ్రోలి వాడలో నల్లా ఏడింటికి వచ్చి అరగంటలో పోతుంది, శవమున్న ఇల్లని కనికరించదు. స్నానానికి, వచ్చినవాళ్ళ కాళ్ళకు, చాయ్‌కి నీళ్ళన్నీ ఆమే పట్టాలి. మొగుడు సురేశ్ ఫోన్ చెవికి పెట్టుకుని వాకిట్లో తిరుగుతున్నాడు. మధ్యలో వచ్చి, "అవ్వ ఆధార్ కార్డు ఏడున్నది?" అని అడిగాడు. బియ్యం డబ్బా వెనక, మందుల సంచిలో ఉందని చెప్పింది. "అవ్వకు ఎన్నేండ్లుంటయ్?" అరవై ఎనిమిదని చెప్పింది. దీనికి దిమాగ్ కరాబైందని రోజుకు పదిసార్లు అనే మనిషి, ఆమె చెప్పిందే చీటీ మీద రాసుకుపోయాడు.

సంగీతది సిరిసిల్ల దగ్గర పల్లె. శోకం పెట్టడం తల్లి నుంచి వచ్చింది. తల్లి కూర్చోబెట్టి నేర్పిందేమీ లేదు, చావు ఇళ్ళకు చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది, అంతే. పోయినవాళ్ళను పిలుస్తూ, వాళ్ళు ఎవరికి ఏం పెట్టారో, ఏ రోజు ఏ మాట అన్నారో, ఒకదాని వెంట ఒకటి రాగం మీద తీయాలి. కన్నీళ్ళు ఎవరికైనా వస్తాయి, ఒక మనిషి బతుకంతా యాది పెట్టుకుని వరస తప్పకుండా చెప్పడమే కష్టం. మగ్గాల పనికి సూరత్ వచ్చిన తెలుగు ఇళ్ళలో ఎవరు పోయినా సంగీతకే కబురొచ్చేది. చేతిలో పని పక్కన పెట్టి వెళ్ళి, గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చి, వచ్చి మళ్ళీ వంట చేసుకునేది. "మా ఆమె ఏడిస్తె మొగోల్లు గూడ కండ్లు తుడుసుకుంటరు," అని సురేశ్ నలుగురిలో గొప్పలు పోయేవాడు. ఇంట్లో ఆమె ఏడిస్తే మాత్రం, "ఏంది గీ లొల్లి," అనేవాడు.

సంగీత చేతికి ఫోన్ వచ్చింది మూడేళ్ళ కింద, గంగవ్వ పక్షవాతంతో మంచాన పడిన ఏడు. అప్పటినుంచి సంగీతకు గడప దాటే పని తగ్గింది. టెంపోలో రింగ్ రోడ్ మార్కెట్‌కు పోయే చీరలకు ఇంట్లోనే కూర్చుని మెరుపు రాళ్ళు అంటించడం, మధ్యమధ్యలో లేచి అత్తకు గుడ్డలు మార్చడం. సూరత్ చీరల తళుకంతా ఎక్కడెక్కడో పెళ్ళిళ్ళకు పోతుంది, దాని జిగురు మాత్రం బమ్రోలి ఆడవాళ్ళ గోళ్ళలో మిగులుతుంది. ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి రీల్స్ పెట్టుకునేది. మొదట్లో ప్రాణం లేచి వచ్చినట్టుండేది. ఎవరో నవ్వుతున్నారు, ఎవరో వంకాయ వేయిస్తున్నారు, ఎవరో సముద్రంలో పాదాలు తడుపుకుంటున్నారు. తనను తిట్టని మనుషులు లోకంలో ఇంతమంది ఉన్నారా అనుకుంది. పోనుపోను, సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి పొద్దటినుంచి ఏం చూశానని తలుచుకుంటే ఒక్కటీ తట్టేది కాదు. ఏదైనా ఆలోచన మొదలైతే అది సగంలో ఉండగానే బొటనవేలు పైకి కదిలేది, చేతిలో ఫోన్ లేకపోయినా. కూతురు అక్షర తొలిసారి పలికిన మాట ఏదో యాదిలోంచి పోయింది. అమ్మ తీసే శోకాల్లో మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి, ఎప్పుడు పోయాయో కూడా తెలియలేదు. భయం వేసి ఒకరోజు సురేశ్‌కు చెప్పింది. అతను తన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "ఉన్నదెంత, పోవుడెంత," అన్నాడు. పన్నెండేళ్ళ అక్షర, "మా టీచర్ గూడ చెప్పింది మమ్మీ, ఎక్కువ చూస్తే యాద్‌దాస్త్ కమ్‌జోర్ అయితదట, ఏదీ యాదికుండదట," అని చెప్పి, మళ్ళీ ఆ ఫోనే అడిగి తీసుకుంది.

పోయిన నెల, సురేశ్ పనిచేసే మగ్గాల షెడ్డులోని లస్మయ్య పోయాడు. సంగీత వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుని మూడు మాటలు తీసింది. నాలుగోది రాలేదు. రాగం ఆగకుండా నోటిలోంచి బట్టల సబ్బు ప్రకటన పాట వచ్చేసింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంటికొచ్చేసరికి కబురు ముందే చేరింది. గంగవ్వ వంకరపోయిన నోటితోనే, "ఏడుసుడు గూడ రాని ముండ. నేను పోయిననాడు గూడ నలుగురిని నవ్విస్తది," అంది. ఆ మాట అంటున్నప్పుడు సంగీత ఆమె తడిసిన గుడ్డ మారుస్తోంది.

పది గంటలకు వాకిలి నిండింది. అక్షర తండ్రి ఫోన్ ఎత్తి పట్టుకుంది. అందులో సొంతూళ్ళో ఉన్న ఆడబిడ్డ, ఆమె వెనక తలలే తలలు. బండెక్కినా చేరేసరికి రేపవుతుందని ఆమె అక్కడే ఉండిపోయింది. "వదినా, జర గట్టిగ, ఈడ ఇనవడుతలేదు," అంది. సంగీత శవం తల దగ్గర కూర్చుని, "ఓ అత్తా, పోతివా అత్తా," అని ఎత్తుకుంది. అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ అదే మాట అంది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సురేశ్ గోడ దగ్గర నిలబడి పళ్ళు బిగించాడు. అక్షర వంగి, "మమ్మీ, యూట్యూబ్‌ల ఉన్నయ్, ఇని చెప్పు," అని గుసగుసలాడి, తల్లి ఫోన్ ఇయర్‌ఫోన్ కొంగు కింద చెవిలో పెట్టింది. ముందు ప్రకటన వచ్చింది. ఎవడో హుషారుగా లోన్ కావాలా అని అడిగాడు. సంగీత దాన్ని పీకి పక్కన పడేసింది.

ఏం పెట్టింది ఈ మనిషి? ఎవరికి పెట్టింది? శోకంలో ముందు తలుచుకోవలసింది అదే. తలుచుకోగానే నెయ్యి డబ్బా కనిపించింది. అక్షర పుట్టినప్పుడు బాలింతకని అమ్మ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన డబ్బా, మూత చుట్టూ కట్టిన పాత ధోవతి గుడ్డ, అత్త మొలలో తాళంచెవి. రంగుతో, వాసనతో సహా ఉంది.

"నెయ్యి డబ్బ దాసిపెడితివి గద అత్తా," అని తీసింది. ముసలమ్మలు తల ఊపారు, మెచ్చుకోలు అనుకున్నారు. "ఆడపిల్లకు నెయ్యెందుకంటివి గద అత్తా... మొగపిల్లగాడు పుడితె తిందువు తియ్యంటివి గద అత్తా..."

ముసలమ్మలు తల ఊపడం మానేశారు. సంగీతకు ఆశ్చర్యంగా ఉంది. వెతుక్కోవలసిన పనే లేదు, ఒక మాట చివర పట్టుకుంటే ఇంకోటి దానంతటదే వస్తోంది. అమ్మ రాగాలు మింగిన ఫోన్, పిల్ల పలుకులు మింగిన ఫోన్, పద్నాలుగేళ్ళ తిట్లలో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. ఆమెకు ఏడుపు రాలేదు, హాయిగా ఉంది.

"నల్లగుంటె ఏంది, నడుం వంగితె సాలంటివి గద అత్తా... ఎంగిలి కంచంల నాకు బువ్వ పెడితివి గద అత్తా... మా అమ్మ సచ్చిననాడు పోనియ్యకపోతివి, నా గుడ్డలెవ్వలు మారుస్తరంటివి గద అత్తా..."

"గవేం మాటలు వదినా?" అంది ఫోన్‌లో ఆడబిడ్డ. సురేశ్ రెండడుగుల్లో వచ్చి రెక్క పట్టుకున్నాడు. "ఇగ సాలు. లెవ్వు."

గోడవారన కూర్చున్న పోశమ్మ, ఆ వాడలో అందరికంటే పెద్దది, చెయ్యి అడ్డం పెట్టింది. "శోకంల ఉన్నదాన్ని లేపద్దు బిడ్డా. పీనుగ కాడ ఆడిది ఏమన్న అంటది. అననియ్యి."

సురేశ్ చెయ్యి వదిలేశాడు. అక్షర ఇంకా ఫోన్ ఎత్తి పట్టుకునే ఉంది, దించమని ఎవరూ చెప్పలేదు.

అత్తవి అయిపోయాయి. సంగీత కొంగుతో మొహం తుడుచుకుంది. బతికున్న మనిషిని పేరు పెట్టి శోకం తీస్తే ఆయుష్షు తీరిపోతుందని అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు, ఆమెకూ తెలుసు. శవం వైపునుంచి మెల్లగా తిరిగి, మొగుడికి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, అదే రాగం ఎత్తుకుంది.

"ఓ సురేశా... ఐదో నెల కడుపు జారి నేను నెత్తుట్ల పండుకుంటె, టెంపో వచ్చింది, చీరలు ఒడిసినయా అంటివి గద సురేశా..."